రెండు గిలకల బావి

పదేళ్లు దాటింది. ఒక మాట నా గొంతులో అడ్డంపడి ఉంది. మింగుడుపడదు, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే మీతో చెబుతున్నాను. తెలిసినవాళ్లతో చెప్పే ధైర్యమే ఉంటే ఈపాటికి ఎప్పుడో చెప్పి ఉండేదాన్ని.

మా వీధిలో నాకు నోరుగలదని పేరు. పాలవాడు నీళ్లు కలిపితే వీధి చివరిదాకా వినపడేలా కడిగేసేదాన్ని. మా గుమ్మం ముందు చెత్త పోసినవాళ్ల ఏడుతరాలనూ లేపేదాన్ని. నాతో పెట్టుకోవడం కన్నా కందిరీగల తుట్టెలో చెయ్యి పెట్టడం మేలని మా ఆయనే అనేవాడు. అంతటి నోరు తెరవాల్సిన పూట తెరుచుకోలేదు. దానివల్ల ఒక మనిషి కన్ను పోయింది. ఆ మనిషి నా మరిది.

పేర్లు రాయను. మా ఊరు రేపల్లెకి లోపలగా, సముద్రపు గాలి తగిలేంత దూరంలో ఉంటుంది. అక్కడ లోతుగా బోరు వేస్తే ఉప్పునీళ్లు పడతాయి. తాగడానికి పైపై బావులే దిక్కు. మా మామగారు తవ్వించిన బావి నీళ్లు తియ్యగా ఉంటాయని చుట్టుపక్కల అందరూ అనేవాళ్లు. మామగారు పోయాక అన్నదమ్ములు వేరుపడ్డారు. దక్షిణం సగం పెద్దవాడైన మా ఆయనకి, ఉత్తరం సగం మరిదికి వచ్చింది. హద్దు సరిగ్గా బావి మీదుగా పోయింది. పొలం పంచుతారు, దూడల్ని పంచుతారు, బావిని మాత్రం మా వైపు పంచరు. అందుకని పెద్దమనుషులు గోడని బావి గట్టు దాకా తెచ్చి, బావి మీద అడ్డంగా దూలం వేయించి, ఆ దూలం మీదుగా గోడ కట్టించారు. ఇటొక గిలక, అటొక గిలక. కింద నీళ్లు ఒకటే. పొద్దున్నే నా బొక్కెన దిగుతుంటే గోడ అవతల నుంచి తోటికోడలి బొక్కెన కూడా దిగేది. ఒక్కోసారి రెండూ నీళ్ల మీద ఢీకొని ఖంగుమనేవి. ఒకరి ముఖం ఒకరికి కనిపించకపోయినా ఇద్దరం నవ్వుకునేవాళ్లం.

అత్తగారు మా దగ్గరే ఉండేవారు. మా అమ్మాయి అప్పటికి హైస్కూల్లో చేరింది. ఇంట్లోనే బాత్‌రూం, లెట్రిన్ కట్టించాలని నేను పట్టుపట్టాను. అందులో తప్పేమీ లేదు. ఆడపిల్ల ఉన్న ఇల్లు. కానీ గొయ్యి ఎక్కడ తవ్వించాలన్న దగ్గర నా తలకెక్కింది వాస్తు. సెప్టిక్ ట్యాంకు వాయవ్యం మూల ఉండాలని సిద్ధాంతి చెప్పాడు. ఉమ్మడిగా ఉన్నప్పుడు వాయవ్యం ఎక్కడో పశువుల కొట్టం వెనక ఉండేది. గోడ లేచాక మా సగానికి వాయవ్యం మూల బావి పక్కకొచ్చి పడింది. మేస్త్రీని అక్కడే ముగ్గు పొయ్యమన్నాను.

గోడ మీద నుంచి మరిది తల కనిపించింది. ఆ మాటలు నాకింకా చెవిలో ఉన్నాయి.

"వదినా, అక్కడ తవ్వించమాకు. బావి పక్కన గొయ్యేంటి? మనది ఇసక నేల. గోతిలో పోసింది గోతిలో ఉండదు."

"మా వాటాకి అదే వాయవ్యం. సిద్ధాంతిగారు చూసి చెప్పారు."

"ఆ వాయవ్యం గోడ కట్టాక వచ్చింది వదినా. నీళ్లకి గోడ లేదుగా."

"నీ ఇల్లు నువ్వు చూసుకో. మా దొడ్డి సంగతి నీకేంటి? మేం ఇంత సుఖపడితే నీకు కళ్లల్లో కారం కొట్టినట్టుందా?"

అతను గోడ అవతలికి దిగాడు. తల దించుకుని వెళ్లిపోయాడు. నేను మాత్రం ఆపలేదు. వెళ్లిపోయిన మనిషికి వినపడాలని ఇంకా గట్టిగా అరిచాను. వీధిలో వాళ్లు గుమ్మాల్లోకొచ్చి విన్నారు. ఆ అరుపే తరవాత అతని నెత్తిన పిడుగై పడుతుందని నాకు తెలుసా? తెలియదు. తెలిస్తే మాత్రం నోరు తగ్గించేదాన్నా? ఏమో. అప్పటి నన్ను నేను నమ్మను.

గోతిలో సిమెంటు వరలు దింపించి, అడుగు చేయించకుండా వదిలేశాం. అడుగు చేయిస్తే ఊరికే నిండుతుంది, మాటిమాటికీ తోడించాలి అన్నారు. ట్యాంకు వాడకం మొదలైన మర్నాటి నుంచే మరిది తాగడానికి క్యాన్ నీళ్లు తెచ్చుకోవడం మొదలుపెట్టాడు. భుజాన క్యాన్ పెట్టుకుని మా గుమ్మం ముందు నుంచే నడిచేవాడు. వేరే దారి లేదు మరి. నాకు మాత్రం నన్ను వెక్కిరించడానికే అలా నడుస్తున్నాడనిపించేది.

వానలు పడ్డాయి. బావిలో నీళ్లు చేతికందేంత పైకొచ్చాయి. ముందు మా అమ్మాయికి విరేచనాలు పట్టుకున్నాయి. తగ్గింది. తరవాత అత్తగారికి మొదలయ్యాయి. తగ్గినట్టే తగ్గి మళ్లీ తిరగబెట్టేవి. ఆర్‌ఎంపీ వచ్చి సెలైన్ పెట్టేవాడు. వీధిలో గుసగుసలు మొదలయ్యాయి. చిన్నవాడింట్లో ఎవరికీ ఏమీ లేదట, క్యాన్ నీళ్లు తాగుతున్నారట. ఎవరో ఈ మాట అనడం నేను విన్నాను. ఒళ్లు మండింది.

అప్పుడే బాపట్లలో మా పొదుపు సంఘాలవాళ్లకి నీళ్ల మీద ఒక పూట శిక్షణ పెట్టారు. మా వీధి నుంచి నేనొక్కదాన్నే వెళ్లాను. చెప్పినావిడ బొటనవేలంత గాజుసీసాలు చూపించింది. లోపల ఒక కాగితం ముక్క ఉంటుంది. గీత దాకా నీళ్లు పోసి, మూత బిగించి, వెచ్చగా ఉండేచోట పెట్టాలి. ఒకటి రెండు రోజుల్లో నల్లబడితే ఆ నీళ్లలో మలం కలిసినట్టు. ఆవిడ అంత పచ్చిగా చెప్పేసరికి మేమంతా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వాం. తలా ఒక సీసా ఇచ్చారు. నేను దాన్ని ఎందుకు తెచ్చుకున్నానో చెప్పనా? అత్తగారి కోసం కాదు, పిల్ల కోసం కాదు. నీళ్లు తేటగా ఉన్న సీసాని గోడ మీద పెట్టి మరిది నోరు మూయించడానికి.

ఎవరికీ చెప్పకుండా నింపాను. వంటింటి అలమరలో, పొయ్యి వేడి తగిలే అరలో, దీపపు ప్రమిదల వెనక పెట్టాను. మర్నాడు పొద్దున చూస్తే నీళ్లలో పొగ సుడులు తిరిగినట్టుంది. ఇంకా కాలేదులే అనుకున్నాను. ఆ పగలే అత్తగారికి కళ్లు గుంటలు పడ్డాయి. మా ఆయన ఆటోలో రేపల్లె తీసుకెళ్లాడు. అక్కడ సెలైన్ పెట్టి ఉంచుకున్నారు. ఆ మర్నాడు వంటింట్లోకి వెళితే సీసా బొగ్గు కలిపినట్టు నల్లగా ఉంది.

అప్పుడే చెప్పి ఉండొచ్చు. ఫోనుంది చేతిలో. నేను చేసిన పనేంటో తెలుసా? కుండలో నీళ్లు పారబోశాను. తపేలాలో నీళ్లు మరగబెట్టి అమ్మాయికి ఇచ్చాను. సీసాని అదే ప్రమిదల వెనక్కి తోసేశాను. పిల్లని కాపాడుకోవడానికి తెలిసిన తెలివి, నిజం చెప్పడానికి రాలేదు.

ఆ రాత్రి రేపల్లెవాళ్లు తెనాలి తీసుకెళ్లమన్నారు. అత్తగారు తెనాలి చేరనే లేదు. వేమూరు దాటకముందే ప్రాణం పోయింది. తెల్లవారాక శవాన్ని ఇంటికి తెచ్చి వరండాలో చాప మీద పడుకోబెట్టారు. కబురు తెలిసి జనం మూగారు. మరిది, తోటికోడలు కూడా పరుగెత్తుకొచ్చారు. అతను వాళ్లమ్మ కాళ్లు పట్టుకుని ఏడుస్తున్నాడు. తలదగ్గర దీపం పెట్టాలని మా ఆయన వంటింట్లోకి ప్రమిద కోసం వచ్చాడు. ప్రమిదతో పాటు సీసా చేతికి తగిలింది.

"ఏంటే ఇది?" అన్నాడు.

"బావి నీళ్లు," అన్నాను. "పోసినప్పుడు తేటగానే ఉన్నాయి."

అందులో ఒక్క అబద్ధమూ లేదు. అంతకన్నా పెద్ద అబద్ధమూ నేనెప్పుడూ ఆడలేదు.

మా నేలలో పురుగుమందు ఎక్కని పంట లేదు. మందు తాగి పోయినవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. నీళ్లు నల్లబడ్డాయంటే మా ఆయనకి ఇంకేం తడుతుంది? సీసా ఎత్తి వెలుతురుకి పెట్టి చూశాడు. అతని ముఖం నా కళ్లముందే మారిపోయింది. దవడలు బిగిసి, చెంపలు వణికాయి. "మందు," అన్నాడు. "అందుకే వాడు బావి నీళ్లు తాగట్లేదు." నేను నోరు తెరిచాను. గాలి వచ్చింది, మాట రాలేదు. చెప్తే ఏమవుతుందో నాకు తెలుసు. గొయ్యి నేను తవ్వించాను. వద్దన్న మనిషిని వీధంతా వినేలా తిట్టాను. వరండాలో పడుకున్న ఆవిడని చంపింది నేను. ఆ బిగిసిన దవడలు నా వైపు తిరుగుతాయి.

మా ఆయన వరండాలోకి వెళ్లి తమ్ముడి జుట్టు పట్టుకుని తల్లి కాళ్ల దగ్గర నుంచి ఈడ్చేశాడు. సీసా అతని నుదుటి మీద పగిలింది. నల్లనీళ్లు, నెత్తురు కలిసి కారాయి. "అమ్మకి మందు పెట్టావు కదరా," అని ఒకటే కేక. మరిదికి అర్థమే కాలేదు. "ఏంటన్నయ్యా, ఏంటి," అంటూనే ఉన్నాడు. జనానికి మాత్రం వెంటనే అర్థమైంది. గోడ దగ్గర జరిగిన గొడవ అందరూ విన్నారు. క్యాన్ నీళ్లు అందరూ చూశారు. ఇద్దరు ముగ్గురు మగవాళ్లు అతన్ని వెనక నుంచి పట్టుకున్నారు. ఎవరో గెడకర్రతో మోకాళ్ల మీద కొట్టారు. కింద పడ్డాక కడుపులో తన్నారు. చెప్పుకాళ్లతో తన్నారు. చేంతాడు తెచ్చి చేతులు వెనక్కి విరిచి కట్టారు. ముంజేయి విరిగిన చప్పుడు వంటింటి గుమ్మంలో ఉన్న నాకు వినపడింది. ఎండుకొమ్మ విరిగినట్టే ఉంటుంది, అంతే. తోటికోడలు అడ్డం పడితే ఆవిడ్ని జాకెట్టు చిరిగేలా లాగి పారేశారు.

నా నోరు తెరుచుకోలేదని పైన రాశాను. ఇక్కడిదాకా వచ్చాక అది దాచి లాభం లేదు. నేను మౌనంగా లేను.

పెద్దమనిషి ఒకాయన, మా గోడ కట్టించినాయనే, అందర్నీ ఆగమన్నాడు. నిజంగా ఆగారు. దెబ్బలు ఆగాయి. మరిది నేలమీద బోర్లాపడి ఎగశ్వాస తీస్తున్నాడు. ఆయన నా దగ్గరికొచ్చి, "అమ్మాయ్, చెడ్డ నింద ఇది. నువ్వు కళ్లారా ఏమన్నా చూశావా? చూస్తేనే చెప్పు," అన్నాడు. ఆ క్షణం దేవుడిచ్చిందే. లేదండి అంటే చాలు. ఒక్క మాట. అందరి కళ్లూ నా మీద ఉన్నాయి. అతని కళ్లు కూడా, అప్పటికి రెండూ ఉన్నాయి, నా మీదే ఉన్నాయి. వదిన చెబుతుందిలే అన్నట్టు చూశాడు. గొయ్యి తవ్వొద్దని చెప్పిన సంగతి నాకు గుర్తుంటుంది కదా అనుకున్నాడేమో.

"మొన్న పొద్దున మందు కొట్టే డబ్బా పట్టుకుని గట్టు దగ్గర నిలబడ్డాడండి," అన్నాను.

నేను చూడలేదు. అతను అలా నిలబడలేదు. ఆ డబ్బా ఎప్పుడు కడిగినా కాలవ దగ్గరే కడిగేవాడు.

ఆ మాట అయ్యీ అవకుండానే మా ఆయన గోడకి వేలాడుతున్న ఇనప కొక్కేల గుత్తి అందుకున్నాడు. బావిలో పడ్డ బొక్కెనలు తీసే గుత్తి అది. గొలుసు పట్టుకుని తిప్పి కొట్టాడు. మొదటిది భుజానికి తగిలి మాంసం లేచొచ్చింది. రెండోది ముఖానికి. అతను వేసిన కేక మనిషి కేకలా లేదు. మా అమ్మాయి తలుపు పట్టుకుని చూస్తోంది. నేను దాని కళ్లు మూయలేదు. ఇంకొకటి కూడా చెప్పాలి. ఆ కేక వింటూనే, నా మీదికి రాలేదు, నా మీదికి రాలేదు అని ఒక చల్లని ఊరట పాకింది. ఇన్నేళ్లుగా నన్ను తినేస్తున్నది ఆ కేక కాదు. ఆ చల్లదనం.

ఆసుపత్రిలో డాక్టరు అడిగితే, బావిలో పడ్డ బొక్కెన తీస్తుంటే కొక్కెం జారి తగిలిందని చెప్పాడట మరిది. పోలీసుల దాకా పోనివ్వలేదు. కొన్నాళ్లకి సామాను తీసుకెళ్లడానికి వచ్చిన తోటికోడలు మా గడప తొక్కలేదు. వీధిలోనే నిలబడి ఆ సంగతి చెప్పింది. "అన్నయ్య జైల్లో కూర్చుంటే అమ్మకి కర్మ ఎవరు చేస్తారు అన్నాడక్కా. కన్ను పోయిందని తెలిశాక అన్న మొదటి మాట అది." చెప్పి, మా గుమ్మం వైపు కాండ్రించి ఉమ్మి, వెళ్లిపోయింది. ఉమ్మింది నా మీద పడలేదు. పడినా బాగుండేది.

వాళ్లు బాపట్ల వెళ్లిపోయారు. విషం కలిసిన బావి అని మా ఊళ్లోవాళ్లే దాన్ని పూడ్పించారు. అందరూ మట్టి పోస్తుంటే నేనూ ఒక తట్ట పోశాను. గోతి మాట ఎవరి నోటా రాలేదు. ఏడాది తిరక్కుండా వాస్తు బాగాలేదని చెప్పి దాన్ని కూడా మూయించి రోడ్డు వైపు తవ్వించాను. చూశారా, వాస్తు ఎంత పనికొచ్చిందో.

మా ఆయన ఆ తరవాత తాగుడులో పడ్డాడు. తాగినప్పుడల్లా కుడిచెయ్యి చూసుకునేవాడు. "అమ్మ కోసం కొట్టాను, తప్పులేదు కదే?" అని అడిగేవాడు. లేదనేదాన్ని. నిజం చెబితే గుండె పగిలి పోతాడు, అతని కోసమే దాస్తున్నాను అని నాకు నేను చెప్పుకునేదాన్ని. ఎంత ముచ్చటైన సాకు! చివరికి గుండెతోనే పోయాడు. తమ్ముడు పాపిష్టివాడన్న నమ్మకంతోనే పోయాడు. అతని చేతిని ఆ కొక్కేల మీదికి పంపింది నేనని తెలియకుండానే పోయాడు. నేను ఇద్దరన్నదమ్ముల్నీ తిన్నాను.

ఇప్పుడు తెనాలిలో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. దానికొక పాప. ఈ మధ్య బాపట్లలో దగ్గరివాళ్ల పెళ్లికి వెళ్లాం. భోజనాల దగ్గర మరిది కనిపించాడు. జుట్టు నెరిసింది. నల్లకళ్లద్దాలు. విరిగిన చెయ్యి వంకరగానే అతుక్కుంది. నన్ను చూసి, "బాగున్నావా వదినా," అన్నాడు. నిజంగానే అడిగాడు. ఎండకి మా పాప దాహం అంటుంటే పక్కనున్న గ్లాసులో మజ్జిగ పోసి ఇచ్చాడు. మా అమ్మాయి ఎక్కడి నుంచి చూసిందో, వచ్చి గ్లాసు మీద ఒక్కటి కొట్టింది. అతని చొక్కా తడిసింది. "నాయనమ్మ చాల్లేదా నీకు? దీన్ని కూడా చంపుతావా?" అంది. పంక్తిలో తలలన్నీ లేచాయి. పాప ఏడుపు మొదలుపెడితే దాన్ని కూడా చాచి కొట్టింది, ఎవరేదిస్తే అది తాగుతావా అని. మరిది కళ్లద్దాలు తీసి, మజ్జిగ తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నాడు. ఆ తీసిన కాస్తలో చూశాను. కనురెప్ప లోపలికి కుట్టుకుపోయి ఉంది.

నా నోరు మళ్లీ తెరుచుకోలేదు. ఆ పెళ్లిలో కొక్కేలు లేవు, మా ఆయన లేడు, ఎవరూ నన్ను కొట్టరు. అయినా తెరుచుకోలేదు. అంటే ఆ రోజు భయపడి అబద్ధమాడానన్న మాట కూడా పూర్తిగా నిజం కాదేమో. నేను నా పిల్ల ముందు మంచిదానిలా ఉండాలనుకుంటున్నాను, అంతే. దానికోసం ఆ పిల్ల చేతనే ఇంకో పసిదాన్ని కొట్టించగలను.

మా మరిది బావిలో ఏమీ కలపలేదు. మా అత్తగారిని చంపింది నేను తవ్వించిన గొయ్యి. నా మరిది కన్ను పొడిపించింది నేను. ఇది రాయడానికి ఇన్ని పేజీలు ఎందుకు పట్టాయో చూడండి.

పేర్లు లేకపోయినా, ఇది అచ్చులో పడితే మా అమ్మాయి గుర్తుపడుతుంది. దూలం మీద గోడ కట్టిన బావి ఎన్ని ఇళ్లల్లో ఉంటుంది? చదివాక నన్ను ఇంట్లోంచి గెంటేస్తుందో, మీద పడి కొడుతుందో తెలియదు. కొట్టమనే అంటాను. మరిది దగ్గరికి వెళ్లి కాళ్లు పట్టుకుంటానని మాత్రం మీకు చెప్పను. అతను మంచివాడు, వెంటనే లేవదీసి క్షమించేస్తాడు. ఆ క్షమ నాకు దక్కకూడదు.

ఈ చివరి ముక్క రాస్తుంటే మధ్యాహ్నం దాటింది. వంటింట్లో పప్పుచారు పోపు వాసన వస్తోంది. ఎన్నో ఏళ్ల తరవాత నాకు కడుపు కాలేంత ఆకలి వేస్తోంది. సిగ్గులేని ఒళ్లు. మా అమ్మాయి అన్నానికి పిలుస్తోంది. వెళ్లి తింటాను.